ముందు ఆ గుడ్డ కింద పెట్టండి

తాళంలో కొబ్బరినూనె పోసి పావుగంట తిప్పితే గానీ షెడ్డు తెరుచుకోలేదు కదూ? లోపల మగ్గిన వాసన. చీకట్లో పెద్ద ఆకారం. దాని మీద ముప్ఫై నలభై ఏళ్ళ దుమ్ము. తాతగారి కారు! చిన్నప్పుడు వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని కలకత్తా చౌరంగీ దీపాలు చూసిన కారు. ఇప్పుడు ఇల్లు ప్రమోటరుకి ఇచ్చేస్తున్నారు. నెల తిరిగేలోగా షెడ్డు ఖాళీ చేయాలి. కారు అమ్మాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, మీకు తెలియకుండానే మేకుకి వేలాడుతున్న పాత తువ్వాలు అందుకుంటున్నారు.

ఆగండి. ముందు ఆ గుడ్డ కింద పెట్టండి.

ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. అమ్మమ్మ పెళ్ళినాటి వెంకటగిరి చీర ఉందనుకోండి. జరీ నల్లబడిందని కొత్త జరీ కుట్టిస్తారా? కుట్టిస్తే మెరుస్తుంది నిజమే. కానీ నేత తెలిసినవాళ్ళు ఒక్కసారి చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేస్తారు. మీ కారు కూడా అంతే. ఫ్యాక్టరీలో వేసిన రంగు, అప్పటి తోలు, అప్పటి బోల్టులు ఇంకా దాని ఒంటి మీద ఉన్నాయి. కొనేవాడు డబ్బిచ్చేది వాటికే.

నమ్మకం కుదరడం లేదా? ఫ్రాన్స్‌లో రోజే బైయాన్ అనే రవాణా వ్యాపారి కొని దాచిన కార్లు దాదాపు 60, ఒక పొలంలో షెడ్ల కింద దశాబ్దాల తరబడి పడి ఉన్నాయి. వాటిలో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ మీద పాత పత్రికల కట్టలు పేర్చి ఉన్నాయి. ఆర్ట్‌క్యూరియల్ వేలం సంస్థ ఆ ఫెరారీని తళతళలాడించకుండా, దొరికిన తీరులోనే 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలానికి పెట్టింది. కోటీ 60 లక్షల యూరోలకు పైగా పలికింది. మీ షెడ్డులో ఫెరారీ లేకపోవచ్చు. సూత్రం మాత్రం అదే.

నేను ఈ పని దగ్గరుండి చేసింది భవానీపూర్‌లో. నాకు వరసకు అత్తయ్య అయ్యే ఆవిడ ఇంట్లో. మామయ్యగారు 1960లలో, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక కంపెనీ దొర దగ్గర జాగ్వార్ మార్క్ సెవెన్ కొన్నారు. ఆయన పోయాక కారు కదల్లేదు. "ఏమయ్యా, తుక్కుకిచ్చేస్తే ఎంతొస్తుందంటావ్?" అని ఫోన్ చేశారావిడ. "అత్తయ్యగారూ, ఆదివారం వస్తాను. అప్పటిదాకా షెడ్డులోకి ఎవరినీ రానివ్వకండి" అన్నాను. మీకూ అదే చెబుతున్నాను.

1. మొదటి రోజు ఫోన్ మాత్రమే తీయండి

వెలుతురు బాగున్నప్పుడు, కారు ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలు తీయండి. నాలుగు మూలలు, నాలుగు చక్రాలు, పైకప్పు, డ్యాష్‌బోర్డు, కిలోమీటర్ల మీటరు, సీట్ల కుట్లు. బానెట్ సులువుగా లేస్తే లోపల కూడా. బలవంతంగా ఎత్తకండి. కిందికి వంగి టార్చి వేసి అడుగుభాగం వీడియో తీయండి. చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. ఇన్నేళ్ళు మూసిన చోట ఎలుకలే కాదు, పాములూ ఉండొచ్చు.

ఆ దుమ్ము ఫోటోలు ఎందుకంటారా? కారు ఇన్నేళ్ళు ఎవరి చేతిలోనూ పడలేదని చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఒకసారి తుడిచేశాక మళ్ళీ తేలేరు.

గోడ కూడా చూడండి. ఇది కలకత్తా. 1978 సెప్టెంబరు వరదల్లో నీళ్ళు నిలిచిన ఇళ్ళలో గోడ మీద నీటి చార ఎన్నేళ్ళో కనిపించింది. 2020 మే 20న అంఫాన్ తుపాను వచ్చినప్పుడు మీ వీధిలో నీళ్ళు ఎంతెత్తున నిలిచాయి? చక్రం సగానికా, తలుపు అంచు దాకానా? కొనేవాడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. తెలిసినంతవరకు నిజం రాసి పెట్టుకోండి.

2. కారు కంటే ముందు కాగితాలు

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పడుతుంది. కారు పక్కనుంచి ఇంట్లోకి రండి. బీరువా అడుగు అర, ట్రంకుపెట్టె, పూజగదిలో అటక, తాతగారి ఆఫీసు బ్యాగు, అన్నీ వెతకండి.

ఏం వెతకాలి? మన వైపు సి-బుక్కు అంటాం, కలకత్తాలో పాతవాళ్ళు బ్లూ బుక్ అంటారు. అది దొరికితే సగం పని అయినట్టే. దాంతోపాటు టాక్స్ టోకెన్లు, బీమా కాగితాలు, కొన్నప్పటి రసీదు, సర్వీసు బిల్లులు, కారుతో వచ్చిన పుస్తకం, రెండో తాళంచెవి. స్వాతంత్ర్యం తర్వాత విదేశీ కార్ల దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి. అందుకే ఆ కాలపు పెద్ద కార్లు చాలావరకు విదేశీ రాయబార కార్యాలయాల వాళ్ళు వాడి వదిలేసినవి, స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడైనవి. ఎస్టీసీ కాగితం గానీ కస్టమ్స్ కాగితం గానీ కనిపిస్తే, చిరిగినా సరే, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కారు ఈ దేశంలోకి సక్రమంగా వచ్చిందని చెప్పేది అదే.

సి-బుక్కు దొరకలేదా? కంగారు పడకండి. స్థానిక పోలీస్ స్టేషన్లో జీడీ (జనరల్ డైరీ) నమోదు చేయించి, ఫారం 26తో నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కలకత్తా బండ్లకు బేల్‌తలా మోటారు వాహనాల ఆఫీసే పెద్ద దిక్కు. ముందు ఒకసారి వెళ్ళి, మీ నంబరు వాళ్ళ రికార్డుల్లో ఉందో లేదో, ఎవరి పేరున ఉందో, ఎంత పన్ను బాకీ ఉందో కనుక్కోండి. ఆ తర్వాతే బేరం మాట.

ఇప్పుడు అసలు చిక్కు. కారు పోయినవారి పేరున ఉంటే, అమ్మే హక్కు మీకొక్కరికే ఉందా? వారసులు ఎందరు? ఒక అన్నయ్య హైదరాబాద్‌లో, ఒక చెల్లెలు న్యూజెర్సీలో ఉంటే? యజమాని పోతే ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. మిగతా వారసుల అంగీకారం రాతపూర్వకంగా ఉండాలి. విదేశంలో ఉన్నవాళ్ళు భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. ఎక్కువమంది చేసే తప్పు, కొనేవాడు వచ్చి కూర్చున్నాక ఫోన్లు మొదలుపెట్టడం. ఆ పూట ఒక్క మేనల్లుడు "తాతయ్య జ్ఞాపకం, నేనే ఉంచుకుంటా" అంటే చాలు, కొనేవాడు లేచి వెళ్ళిపోతాడు. ముందే అందరినీ ఒక వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. అమ్మాలా వద్దా, కనీస ధర ఎంత, వచ్చింది ఎలా పంచుకోవాలి, మూడూ తేల్చి రాసుకోండి. అత్తయ్యగారి ఇంట్లో ఈ సంభాషణకే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు తర్వాత మూడు నెలల గొడవను తప్పించాయి.

3. నంబర్లు కలుస్తున్నాయా?

బానెట్ లోపల, ఇంజనుకూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే గోడ మీద సాధారణంగా ఒక లోహపు పలక ఉంటుంది. మార్క్ సెవెన్‌లో అయితే ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ నంబర్లు నాలుగూ ఆ పలక మీదే. ఇంజను మీద కొట్టిన నంబరు పలకతో సరిపోతే, పుట్టినప్పటి ఇంజనే అన్నమాట. ధరలో ఆ తేడా పెద్దది. నంబరు మీద మట్టి ఉంటే మెత్తని బ్రష్షుతో తీయండి. ఇసుకకాగితం దగ్గరికి కూడా రానివ్వకండి. గీసిన నంబరును చూస్తే ఎవరికైనా అనుమానమే.

ఇక ఆ నంబరుతో తయారీదారుల రికార్డులు వెతికించండి. జాగ్వార్, డైమ్లర్‌లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్టు, ఆస్టిన్, మోరిస్ వంటి వాటికి బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్టు, రోల్స్ రాయిస్, బెంట్లీలకు రోల్స్ రాయిస్ ఎంథూసియస్ట్స్ క్లబ్ ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి ఏ రోజు బయల్దేరింది, ఏ రంగు, లోపల ఏ రంగు తోలు, మొదట ఎవరికి చేరింది, ఇవి చాలావరకు తెలుస్తాయి. ఖర్చు కొద్దిగా. బేరంలో బలం చాలా.

కథలున్నాయా? కలకత్తాలో ప్రతి పాత కారుకూ ఒక కథ ఉంటుంది. "నేతాజీ ఎక్కారట" అనే మాట నేనే ఎన్నోసార్లు విన్నాను. నిజంగా ఆయన ఎక్కిన కారు సంగతి చూడండి. 1941 జనవరి 16 రాత్రి ఎల్గిన్ రోడ్డు ఇంటి నుంచి అన్న కొడుకు శిశిర్ బోస్ నడిపిన వాండరర్ అది. నంబరు బీఎల్ఏ 7169. నంబరుంది, ఇల్లుంది, నడిపిన మనిషి చెప్పిన సాక్ష్యముంది. దాన్ని బాగుచేయించి 2017 జనవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేత నేతాజీ భవన్‌లో ఆవిష్కరింపజేశారు. అమ్మే ఉద్దేశం లేని మ్యూజియం కారు కాబట్టి బాగుచేయడం సబబే. మీ కారు కథకు అలాంటి ఆధారం ఏముంది? నంబరు ప్లేటు కనిపించే ఒక్క పెళ్ళి ఫోటో, నోటితో చెప్పే పది కథల పెట్టు.

4. స్టార్ట్ చేయకండి

"ఒక్కసారి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూద్దాం బాబూ" అనే మెకానిక్ మీకూ దొరుకుతాడు. మంచి మనసుతోనే అంటాడు. వద్దనండి. ఎందుకంటే సిలిండర్లలో నూనె ఎప్పుడో దిగిపోయింది. పిస్టన్ రింగులు తుప్పుతో గోడలకు అతుక్కుని ఉంటాయి. పాత పెట్రోలు జిగురై గొట్టాల్లో గడ్డకట్టింది. ఆ స్థితిలో బలంగా తిప్పితే రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది. నిమిషం క్రితం దాకా బాగుచేయదగిన ఇంజను, మరుక్షణం ఖర్చుల కుప్ప.

తెలిసిన మనిషి దొరికితే చేయించదగ్గది ఒక్కటే. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో కొద్దిగా నూనె పోసి, కొన్ని రోజులు నానబెట్టి, ఆపైన చేత్తో నెమ్మదిగా తిప్పి చూడటం. తిరిగితే "చేత్తో తిరుగుతోంది" అని రాసుకోండి. తిరగకపోతే అక్కడే ఆపండి. "బిగుసుకుపోయింది" అని నిజం రాసుకోండి. బిగుసుకున్న ఇంజను కొనేవాళ్ళున్నారు. పగలగొట్టిన ఇంజను కొనడానికి ఎవరూ ఇష్టపడరు.

5. శుభ్రం ఎంతవరకు?

ఫోటోలు అయిపోయాయి కాబట్టి పై దుమ్మును మెత్తని బ్రష్షుతో, వ్యాక్యూమ్‌తో తీయొచ్చు. ఎలుకల గూళ్ళు, చెత్త తీసేయండి. షెడ్డు కిటికీ తెరిచి గాలి ఆడనివ్వండి. బాడీ లోపల చెక్క చట్రం ఉన్న ఇంకా పాత కార్లయితే చెదలు చూడండి. అంతే.

పైపు పెట్టి కడగకండి. తుప్పు పట్టిన చోట నీళ్ళు చేరితే ఆ వానాకాలం గడిచేసరికి చిల్లులు పడతాయి. టింకరింగ్, పెయింటింగ్ వద్దు. క్రోమ్ మళ్ళీ పూయించకండి. పగిలిన తోలు మీద కొత్త రెగ్జిన్ కుట్టించకండి. ఈ మాట నేను దెబ్బతిని చెబుతున్నాను. మా నాన్నగారి పాత కారు అమ్మే ముందు, బాగా కనిపిస్తే బాగా పలుకుతుందని ఒక వర్క్‌షాపుకిచ్చి రంగు వేయించాను. చూడటానికి వచ్చినాయన తలుపు అంచు గోటితో గీరి, లోపలి పాత రంగు చూసి, "ఇది ఉంచాల్సింది కదండీ" అన్నారు. నేను రంగుకు పెట్టిన ఖర్చు రాలేదు సరికదా, ధర ఇంకా తగ్గింది. ఇప్పటికీ ఆ పాత ఆకుపచ్చ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

చట్టం కూడా ఇదే వైపు ఉందని తెలుసా? 2021 జులైలో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు, తర్వాత పునరుద్ధరణకు 5,000. ఇదివరకే నమోదైన బండికి పాత నంబరే ఉంటుంది. రోజువారీ తిరగడానికి మాత్రం వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్ళొచ్చు. మీరు చేయించకపోయినా, కొనేవాడు చేయించుకోగలిగే స్థితిలో కారు ఉంచడం మీ చేతిలో ఉంది.

6. ధర

ఇంటర్నెట్‌లో విదేశీ వేలం ధర చూసి, డెబ్బైతోనో తొంభైతోనో గుణించి రాత్రంతా నిద్రపట్టని వాళ్ళను చూశాను. అది మెరుగుపెట్టిన, నడిచే, మరో దేశంలోని కారు ధర. మీది వేరు.

కొనేవాడి బుర్రలో లెక్క ఇలా నడుస్తుంది. లెక్క కోసం అనుకుందాం. నడిచే స్థితిలో ఉన్న అదే మోడల్ మన దేశంలో 30 లక్షలు. బాగుచేయడానికి 18 లక్షలు. మిగిలేది 12. అందులో దొరకని సామాన్ల బెంగ, రెండు మూడేళ్ళ శ్రమ తీసేస్తే 8 లేదా 9. ఇక్కడి నుంచి అతను మొదలుపెడతాడు. మీరు ఆ అంకెను పైకి లాగేది దేంతో? కలిసిన నంబర్లతో, పూర్తి కాగితాలతో, అసలు రంగుతో, ఒక్క ముక్కా పోని లోపలి సామానుతో. మార్క్ సెవెన్ ముందు తలుపుల లోపల పనిముట్లు పెట్టుకునే అరలుంటాయి. అత్తయ్యగారి కారులో కుడి తలుపు అర తెరిస్తే, ప్రతి స్పానరూ తన గాడిలో పడుకుని ఉంది. పక్కనే మడతపెట్టిన కాగితం. దాని మీద మామయ్యగారి చేతిరాత, ఏ రోజు ఎన్ని గ్యాలన్లు పోయించారో. చూడటానికి వచ్చినాయన అంతసేపూ లోపాలు లెక్కపెడుతున్నవారు, ఆ అర చూశాక చాలాసేపు మాట్లాడలేదు. బేరం అక్కడ మలుపు తిరిగింది.

పెద్ద సెడాన్లకూ, పైకప్పు తెరిచే రెండు తలుపుల కార్లకూ ధరలో చాలా తేడా ఉంటుంది. మీది నాలుగు తలుపుల సెడాన్ అయితే కోట్లు ఊహించుకోకండి. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు తెలిసినవాళ్ళతో విలువ కట్టించండి. వాళ్ళలో ఎవరూ కొనేవాళ్ళు కాకూడదు.

7. ఎవరికి అమ్మాలి?

ముందుగా వాసన పట్టి వచ్చేది దళారి. "షెడ్డు ఖాళీ చేయాలట కదా" అంటూ వస్తాడు. మీ తొందర అతని లాభం. తర్వాత సామాను కోసం కొనేవాళ్ళు. మల్లిక్‌బజార్ పాత విడిభాగాలకు పేరుపడ్డ చోటు. అక్కడ దొరికే ముక్కలతోనే ఎన్నో కార్లు బతికాయి. కానీ అన్ని భాగాలూ ఉన్న కారును ముక్కలు చేయడానికి ఇవ్వకండి. డబ్బు దృష్ట్యా కూడా, మొత్తం కారే ఎక్కువ తెస్తుంది.

మీరు వెతకాల్సింది అదే మోడల్ ఇదివరకే ఉన్న మనిషిని. ఎక్కడ? చలికాలంలో కలకత్తాలో స్టేట్స్‌మన్ వింటేజ్ కార్ల ర్యాలీ జరుగుతుంది. వెళ్ళండి. కారు పక్కన నిలబడ్డ యజమానితో మాట్లాడండి. కొత్తవాళ్ళు అడిగితే సంతోషంగా చెబుతారు. 1904లో మొదలైన ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ ఈస్టర్న్ ఇండియా ఆఫీసు ప్రమథేశ్ బారువా సరణిలో ఉంది. మన అక్కినేని కంటే ముందే, 1935లో బెంగాలీ దేవదాసుగా నటించిన బారువా పేరే ఆ వీధికి. ఆ ఆఫీసులోనూ అడగండి.

"విదేశంలో పార్టీ ఉంది, రెట్టింపు ఇస్తారు, ముందు కొంచెం ఖర్చులు పంపండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. 1950 జనవరి 1కి ముందు తయారైన కార్ల ఎగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి.

ప్రకటనలో లోపాలు ముందు రాయండి. "కుడి వెనక చక్రం మీది మూత లేదు. ఇంజను తిరగదు. ఎడమ తలుపు కింద తుప్పు." ఇలా రాస్తే ఎవరూ రారనుకుంటున్నారా? లోపం మీ నోట విన్నవాడు దాన్ని లెక్కలో వేసుకుని వస్తాడు. తానే కనిపెట్టినవాడు మిగతా మాటలన్నీ అనుమానిస్తాడు.

8. డబ్బు, సంతకాలు, లారీ

డబ్బు బ్యాంకు ద్వారానే. ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. సొంత వాడకానికి ఉంచుకున్న కారు సాధారణంగా మూలధన ఆస్తి కిందికి రాదు. అయినా మీ ఆడిటర్‌ని ఒక మాట అడగండి. బయానా తీసుకుంటే, ఎన్ని రోజుల్లో మిగతాది కట్టాలో, కట్టకపోతే ఏమవుతుందో కాగితం మీద ఉండాలి.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. కొనేవాడు వేరే రాష్ట్రం వాడైతే ఫారం 28తో బేల్‌తలా నుంచి నిరభ్యంతర పత్రం. తేదీ వేయని ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఎవరి చేతిలోనూ పెట్టకండి. పేరు మారేదాకా ఆ బండితో ఏం జరిగినా అడిగేది మిమ్మల్నే.

కదిలించేటప్పుడు తాడు కట్టి లాగనివ్వకండి. బ్రేకులు పట్టేసి ఉంటాయి, టైర్లు చీరుకుపోతాయి. చక్రాల కింద చిన్న ట్రాలీలు పెట్టి, ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి నెమ్మదిగా ఎక్కించాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. చేతిరాత కాగితాలు, పాత ఫోటోలు ఇంట్లో ఉంచుకోవాలని ఉంటుంది. నకళ్ళు తీసి మీరు ఉంచుకోండి, అసలువి కారుతో పంపండి.

చివరగా, కారు వెళ్ళాక కూడా ఇల్లు వెతుకుతూనే ఉండండి. అటక, డాబా, మెట్ల కింద. అత్తయ్యగారి జాగ్వార్‌ని జంషెడ్‌పూర్ ఆయన కొన్నారు. కుడి వెనక చక్రం మీది మూత లేదని మేం రాసే ఇచ్చాం. రెండు వారాల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. "ఏమయ్యా, బొగ్గుల గదిలో తొట్టి మీద వంపు రేకు ఒకటి ఉంది. నలభై ఏళ్ళుగా అది మూతే అనుకుంటున్నా. నల్ల రంగు, మన కారుదే అనిపిస్తోంది." ఫోటో తెప్పించి ఆయనకు పంపాను. మర్నాడు పొద్దున్న ఆయన స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. అత్తయ్యగారు పెట్టిన పెసరట్టు తిన్నారు. ఆ రేకును బొగ్గు మసితో సహా, తుడవకుండా, తెచ్చుకున్న దుప్పట్లో చుట్టుకుని సాయంత్రం అదే రైలెక్కారు.